సగం బండితో బరిలోకి

2015 జూన్ 13, శనివారం. యాంగూన్‌లో జూన్ వాన పట్టుకుంటే ఓ పట్టాన వదలదు. శాంచౌంగ్‌లో మేముండే బిల్డింగ్‌లో కరెంటు పోయి జనరేటర్ వేశారు. ఫ్రాన్స్‌లో మధ్యాహ్నం మూడింటికి లెమాన్స్ రేసు మొదలైతే మాకు రాత్రి ఏడున్నర. నేనూ, గుంటూరు నుంచి వచ్చిన మా రూమ్మేటూ ల్యాప్‌టాప్ ముందు చేరాం. ఇద్దరం ఎదురుచూసింది నిస్సాన్ కోసం.

లెమాన్స్ అంటే 13.6 కిలోమీటర్ల దారి మీద 24 గంటలు తిరగడం. ఒక్కో కారును ముగ్గురు డ్రైవర్లు వంతులవారీగా నడుపుతారు. పోర్షే, ఆడి, టయోటా కార్లకు ఇంజన్ డ్రైవర్ వెనకాల ఉంటుంది. నిస్సాన్ దాన్ని తిరగేసింది. జీటీ-ఆర్ ఎల్ఎం నిస్మోలో 3 లీటర్ల వి6 ట్విన్ టర్బో ఇంజన్ ముందుంటుంది, తిప్పేదీ ముందు చక్రాలనే. ముందు టైర్ల వెడల్పు 14 అంగుళాలు, వెనకవి 9. బెన్ బౌల్బీ అనే ఇంజనీర్ గీసిన బండి అది. గాలి ముందు నుంచి వెనక్కి సాఫీగా పోయేలా కారు లోపలే సొరంగాల్లాంటి దారులు పెట్టాడు. వింతగా ఉన్నా వెనక లెక్క ఉంది.

ఆ లెక్కకు ఆధారం హైబ్రిడ్ వ్యవస్థ. బ్రేకు వేసినప్పుడు వృథాపోయే శక్తిని ఫ్లైవీల్‌లో దాచి, మళ్ళీ చక్రాలకు అందించాలి. రేసు నాటికి అది పనిచేయలేదు. సరే, కొంచెం వేగం తగ్గుతుందిలే అనుకోవడానికి లేదు. హైబ్రిడ్ పంచుకోవాల్సిన భారం కూడా బ్రేకుల మీదే పడి అవి వేడెక్కిపోయాయి. పై అంతస్తు వేయకుండా గృహప్రవేశం చేయొచ్చు. మధ్య స్తంభం లేకుండా ఎలా చేస్తాం?

మరెందుకు దిగారు? ఆ ఏడాది ఫిబ్రవరి 1నే అమెరికాలో సూపర్ బౌల్ ప్రకటనలో ఈ కారును ప్రపంచానికి చూపించేశారు. ఆ తర్వాత సిల్వర్‌స్టోన్, స్పా రేసులకు రాలేకపోయారు. ఆరు గంటల రేసు ఒక్కటీ ఆడకుండా నేరుగా 24 గంటల రేసుకు, అదీ ఒకటి కాదు, మూడు కార్లతో! క్వాలిఫయింగ్‌లో పోర్షే 3 నిమిషాల 16 సెకన్లలో చుట్టు తిరిగితే నిస్సాన్ సుమారు 20 సెకన్లు వెనకబడింది. కింది తరగతి కార్ల వెనక నిలబెట్టారు. చివరికి రెండు కార్లు మధ్యలోనే ఆగిపోయాయి. 22వ నంబరు కారు గీత దాటింది గానీ, గెలిచిన పోర్షే 395 చుట్లు తిరిగితే ఇది తిరిగింది 242. అందులో 70 శాతమైనా లేదని ఫలితాల్లో స్థానం ఇవ్వలేదు.

"దిగకుండా ఎట్టా తెలుస్తదన్నా?" అన్నాడు మావాడు. నేను వెంటనే జవాబివ్వలేదు. కారణం ఉంది.

అప్పటికి ఏడాది కిందటే బర్మాలో టెలికాం తలుపులు తెరుచుకున్నాయి. సామాన్యుడికి అందని సిమ్ కార్డు 1,500 చాట్‌లకు వచ్చింది. అందరికీ తొందరే. దుకాణదారులు రీఛార్జ్ చేసే యాప్ మీద మా టీమ్ పనిచేసేది. నెట్‌వర్క్ మధ్యలో తెగితే అదే చెల్లింపు రెండుసార్లు వెళుతోందని టెస్టింగ్‌లో నేనే పట్టుకున్నాను, రిపోర్టులో రాశాను కూడా. మీటింగ్‌లో "అభ్యంతరాలున్నాయా?" అని అడిగినప్పుడు మాత్రం నోరు విప్పలేదు. తేదీ వేసిన పోస్టర్లు అచ్చయిపోయాయి మరి. మా వీధి చివర కిళ్ళీ కొట్టు ఆవిడను బర్మీయుల్లాగే 'అమా' అని పిలిచేవాళ్ళం, అక్కా అని అర్థం. యాప్ వచ్చిన మూడో రోజు ఆమె పెట్టుబడి సొమ్ములో సగం ఇలా రెండు కోతల్లో పోయింది. తిరిగి జమ చేయడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ నేను అవతలి వీధి మీదుగా ఆఫీసుకు వెళ్ళాను.

అందుకే మావాడి మాట సగమే ఒప్పుకుంటాను. దిగాలి, కానీ ఏ పేరుతో దిగుతున్నామో చెప్పి దిగాలి. ఇదే బౌల్బీ 2012లో ముక్కు సూదిలా ఉండే డెల్టావింగ్‌తో లెమాన్స్ వచ్చాడు. ప్రయోగాల కోసం ఉంచే, ఫలితాల్లో లెక్కపెట్టని 'గరాజ్ 56' స్థానంలో పరుగెత్తించాడు. టయోటా తగిలి 75 చుట్లకే ఆగింది. దాన్ని ఓటమి అన్నవాళ్ళు తక్కువ. డ్రైవర్ సతోషి మొతోయామా గంటన్నర దాకా ట్రాక్ పక్కన ఒంటరిగా రిపేరు చేయబోవడం చూసి జనం చప్పట్లు కొట్టారు. 2015లో నిస్సాన్ కూడా ఒక్క కారుతో అలా వచ్చుంటే?

మన హైదరాబాద్ రేసు గుర్తుందా? 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ కార్లు పరుగెత్తాయి. రెండు వారాలకు కేప్‌టౌన్‌లో వెనక సస్పెన్షన్ మీద అనుమానం వచ్చి మహీంద్రా తన కార్లను వెనక్కి తీసుకుంది. అక్కడిదాకా వెళ్ళి, "ఈ రోజు వద్దు" అన్నారు. ఆ వార్త చదివినప్పుడు నాకు మా మీటింగే గుర్తొచ్చింది.

2015 డిసెంబరులో నిస్సాన్ ఆ ప్రాజెక్టును మూసేసింది. హైబ్రిడ్ పూర్తిగా పనిచేస్తే ఆ ముందు ఇంజన్ కారు ఎంత వేగంగా పోయేదో ఎవరికీ తెలియకుండానే పోయింది. నాకు బాధ ఓడిపోయినందుకు కాదు, ఇందుకు.

అమా డబ్బు తీసుకుంది, నవ్వింది కూడా. యాప్ మాత్రం మళ్ళీ తెరవలేదు. నేను ఆ వీధి ఖాళీ చేసేదాకా ఆమె కొట్టులో స్క్రాచ్ కార్డులే వేలాడేవి.