సైకిల్‌కి మనమా, మనకు సైకిలా?

శ్రీవిజయపురానికి (2024లో పేరు మారినా చాలామంది నోట ఇంకా పోర్ట్ బ్లెయిరే) బదిలీ మీద వచ్చినవారికి త్వరలోనే సైకిల్ మీద మనసు పోతుంది. గాలి బాగుంటుంది, కార్బిన్స్ కోవ్ వైపు సముద్రం పక్కనే రోడ్డు ఉంది, షుగర్ గురించి డాక్టరుగారు ఒకటికి రెండుసార్లు చెప్పి ఉంటారు. రెండు నెలలు తిరిగేసరికి మోకాలు నొప్పి మొదలవుతుంది. ‘వయసైపోయింది’ అనుకుంటాం. సైకిల్ మెట్ల కింద చేరి, తడి తువ్వాళ్లు ఆరేసుకోవడానికి పనికొస్తుంది. చాలాసార్లు తప్పు వయసుది కాదు, సీటుది.

ఒక చిన్న లెక్క చూడండి. నిమిషానికి 70 సార్లు పెడల్ తిప్పితే, గంటలో ఒక్కో మోకాలు 4,200 సార్లు వంగి లేస్తుంది. సీటు రెండు సెంటీమీటర్లు కిందికి ఉంటే ఆ వంపు ప్రతిసారీ కాస్త ఎక్కువే. పైగా మన ఊరు ఎత్తుపల్లాల ఊరు. ఎక్కుడు వచ్చిన ప్రతిచోటా మోకాలి మీద భారం ఇంకా పెరుగుతుంది. శరీరానికి తగ్గట్టు సైకిల్‌ని సవరించే పనినే బైక్ ఫిట్టింగ్ అంటారు. ఇది పందేలవాళ్ల ముచ్చట అనుకోకండి. రోజంతా కుర్చీలో కూర్చుని నడుము, తొడల వెనక కండరాలు బిగుసుకుపోయే మనకే దీని అవసరం ఎక్కువ.

అన్నిటికన్నా ముందు సీటు ఎత్తు. గోడను పట్టుకుని సైకిల్ ఎక్కి, పెడల్‌ని అడుగుకు తెచ్చి, మడమ దాని మీద పెట్టండి. కాలు నిటారుగా సాగాలి, నడుము ఒక పక్కకు ఒరగకూడదు. తొక్కేటప్పుడు పాదం ముందు భాగాన్ని పెడల్ మీద పెడతాం కాబట్టి మోకాలు కొంచెం వంగి ఉంటుంది. అదే కావలసింది. కొలతే కావాలంటే, అమెరికన్ రేసర్ గ్రెగ్ లెమాండ్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఒకటుంది: గజ్జల నుంచి నేల వరకు కాలి పొడవును 0.883తో గుణించాలి. 78 సెంటీమీటర్లయితే దాదాపు 69. పెడల్ కడ్డీలు తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం వరకు అంత ఉండాలి. ఇది మొదలుపెట్టడానికే, ఆ తర్వాత మీ మోకాలు చెప్పినట్టు వినండి. నొప్పి ముందు వైపు ఉంటే సీటు కిందికి ఉందేమో చూడండి, వెనక వైపు ఉంటే పైకి ఉందేమో. ఒక్కసారికి అర సెంటీమీటరే మార్చి, వారం తొక్కి చూడాలి.

ఇక్కడ దీవుల్లో మరో చిక్కు. ఉప్పుగాలికి సీటు పైపు ఫ్రేములో పట్టేసి ఒక పట్టాన కదలదు. సుత్తితో బాదకండి, ఫ్రేము పోతుంది, మెకానిక్‌కి చూపించండి. ఏడాదికి ఒకటి రెండుసార్లు పైపు బయటికి తీసి, తుడిచి, గ్రీజు రాస్తే ఈ బాధే ఉండదు. పైపు మీద ఒక గీత ఉంటుంది. అది బయటికి కనిపించేంత పైకి మాత్రం సీటు లేపకూడదు.

చిటికెన వేలు, దాని పక్క వేలు తిమ్మిరెక్కుతున్నాయా? బరువంతా చేతుల మీద పడి అరచేతి నరం నలుగుతోందన్నమాట. హ్యాండిల్ ఎత్తు పెంచడమో, సీటు ముక్కు కిందికి వాలి ఉంటే సమం చేయడమో చేస్తే చాలావరకు తగ్గుతుంది. మెత్తని సీటు కొంటే హాయిగా ఉంటుందన్నది దుకాణంలో నిజమే, అరగంట తొక్కాక కాదు. కూర్చున్నప్పుడు ఆనే రెండు ఎముకలకు సరిపోయే వెడల్పు ముఖ్యం.

పిల్లల సంగతి వేరు. సునామీని తట్టుకుని నిలిచిన కార్ నికోబార్ అమ్మాయి డెబోరా హెరాల్డ్, 2018లో స్విట్జర్లాండ్‌లో జూనియర్ ప్రపంచ ట్రాక్ పోటీల్లో రజతం గెలిచిన ఈసో ఆల్బెన్ ఈ దీవులవాళ్లే. వాళ్లను చూసి మన పిల్లలు కూడా వంగి తొక్కే రేసు సైకిల్ కావాలంటారు. ఆ వంపు శిక్షకుల దగ్గర ఏళ్ల తరబడి సాధనతో వచ్చింది. ‘ఎదుగుతాడులే’ అని పెద్ద సైజు కొనడం అంతకన్నా చెడ్డ అలవాటు. సీటు మీద నుంచి జారి ముందుకు నిలబడితే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి, బ్రేకు పిడి వేళ్లకు అందాలి.

ఇవన్నీ చేసినా నొప్పి మూడు నాలుగు వారాలు ఉంటే, ఒక కాలు పొట్టి అని అనుమానముంటే, పాత దెబ్బలుంటే నిపుణుడి దగ్గరికి వెళ్లడం మంచిది. మోకాలు వాస్తే ముందు డాక్టరు దగ్గరికి. హైదరాబాద్, బెంగళూరు వంటి నగరాల్లో ఫిట్టింగ్ చేసేవాళ్లున్నారు. మంచి ఫిట్టర్ ముందు సైకిల్‌ని ముట్టుకోడు. మీ ఉద్యోగం, పాత గాయాలు అడుగుతాడు, బల్ల మీద పడుకోబెట్టి కాళ్లు ఎంతవరకు వంగుతాయో చూస్తాడు. తర్వాత స్టాండు మీద తొక్కించి, వీడియో తీసి, పెడల్ అడుగున ఉన్నప్పుడు మోకాలి కోణం కొలుస్తాడు. అది సాధారణంగా 25 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండేలా చూస్తారు. రెండు మూడు గంటల పని. సైకిల్‌ని విమానంలో మోసుకెళ్లడం కష్టమైతే, ఎటుపడితే అటు సవరించే కొలతల సైకిల్ ఉందా అని ఫోనులో కనుక్కోండి. సెలవుల్లో వెళ్లి దాని మీద కొలతలు తీయించుకుని కాగితం మీద రాయించుకుంటే, ఇంటికొచ్చాక మన సైకిల్‌కి పెట్టుకోవచ్చు. తొక్కేటప్పుడు వేసుకునే బూట్లు వెంట తీసుకెళ్లడం మరవొద్దు.

ఆ కాగితం ఫోటో ఫోనులో ఉంచుకోండి. షహీద్ ద్వీప్‌లో అద్దె సైకిల్ తీసుకున్నా, ఒక టేపు చేతిలో ఉంటే రెండు నిమిషాల్లో సీటు మీ ఎత్తుకు వస్తుంది.