ఆశక్కకు చార్టొక్కటే ఇస్తె సాలదు

ఊర్ల ఎయిడ్స్ గురించి మాట్లాడాల్సింది ఎవరంటె అందరు ఆశక్క దిక్కే చూస్తరు. 2005ల జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైనప్పటి సంది గర్భిణుల లెక్క, టీకాలు, టీబీ మందులు అన్ని ఆమె నెత్తిమీదనే. ఇచ్చేదాన్ని జీతం గూడ అనరు, పారితోషికం అంటరు. సరే, ఆ కొట్లాట వేరే.

నేను చూసిన శిక్షణల్ల సగం పొద్దు బొమ్మల చార్టుకే పోతది. కండోమ్ లేని సంభోగం, సూది, రక్తం, తల్లి నుంచి బిడ్డకు. ఈ నాలుగు తొవ్వలు మన అక్కలకు నోటికొచ్చు. ఒక్క కంచంల తింటె రాదని గూడ తెలుసు. చెప్పనిదేందంటె, మందు గూడ అడ్డుకట్టనే. హెచ్ఐవి మందులు 2004 నుంచి సర్కారు దవాఖానల్ల ఉచితం. రోజూ మింగి, పరీక్షల వైరస్ కనపడనంత తగ్గి అట్లనే ఉంటె, సంభోగంతోని ఇంకొకరికి అంటదు. మందు లేకుంటె తల్లి నుంచి బిడ్డకు అంటే అవకాశం నూటికి 15 నుంచి 45. సరిగ్గ వాడితె 5 కన్న తక్కువ.

గివన్ని తెలిసినా పట్నంల పనిచేసి వచ్చిన పిలగాడు పరీక్షకు ఎందుకు పోడు? ఆశక్క ఆయనకు చిన్నమ్మ వరుస అయితది గనుక. అదే ఊరి మనిషి కావుడే ఆమె బలం, అదే అడ్డం గూడ. 2018 సెప్టెంబర్ 10 నుంచి అమలైన హెచ్ఐవి చట్టం మనిషి ఒప్పుకోకుండ పరీక్ష చెయ్యొద్దంటది, ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పొద్దంటది. చట్టం చదివి వినిపిస్తె నోరు ఆగదు, అలవాటు చేపియ్యాలె.

శిక్షణల ఒకరిని అత్తను చేసి, "మా కోడలి రిపోర్టు ఏమొచ్చిందే?" అని అడిగియ్యాలె. "ఏంలేదత్తా, మంచిగనే ఉన్నది" అంటె తప్పే. రేపు ఇంకొకరి గురించి అడిగినప్పుడు ఊకుంటె, ఆ ఊకున్నుడే ఊరంత చెప్తది. "ఎవ్వరి రిపోర్టు ఎవ్వరికి చెప్ప, నీది గూడ చెప్ప" అనాలె. అందరికి గదే మాట, ప్రతిసారి. రిజిస్టర్ అంగన్‌వాడీ బల్లమీద ఇడిసిపెట్టుడు గూడ బందుకావాలె.

తమ్ముళ్లు, అక్కను అడగనీకి సిగ్గైతె 1097కు ఫోన్ కొట్టుండ్రి, పైసలు పడవు. నెగెటివ్ వచ్చినా, అనుమానమున్న దినం నుంచి మూడు నెలలకు మళ్లొకసారి పరీక్ష చేపిచ్చుకోండ్రి.