ఇంట్లో మాండొలిన్ ఉంటే



ఊరగాయల సంగతో, అల్లికల సంగతో చెబుతానని ఎదురుచూస్తున్నవాళ్ళు ఈవేళ కొంచెం నిరుత్సాహపడతారేమో! నేను మాట్లాడబోయేది మాండొలిన్ గురించీ, గిటారు గురించీ. వాయించడం గురించి కాదు లెండి, అది నాకు రాదు. ఇంట్లో ఉన్న వాయిద్యం పాడవకుండా చూసుకోవడం గురించి. నేర్పేది మాస్టారు, వాయించేది పిల్లలు. కాని దుమ్ము దులిపేదీ, తీసి ఒక చోట పెట్టేదీ మనమే గదా. అది పాడయ్యేది కూడా చాలావరకు అక్కడే.

మాది పాతబస్తీలో గౌలిపురా. పాతకాలపు ఇల్లు, పైగదికి రేకుల కప్పు. మా మామగారు ఉన్నన్నాళ్ళూ మాండొలిన్ వాయించేవారు. ఆయన పోయాక దాన్ని ఆ పైగదిలోనే బీరువా మీద పెట్టాం. ఏటా దసరాకి దించి, తడిగుడ్డతో తుడిచి, కొబ్బరినూనె రాసి, పసుపూ కుంకుమా పెట్టి, మళ్ళీ బీరువా ఎక్కించేదాన్ని. భక్తికేం లోపం లేదు. ఇలా ఎనిమిదేళ్ళు గడిచాక మా అమ్మాయి నేర్చుకుంటానంది. సరే, శుభ్రం చేసి ఇద్దామని ఎనిమిది తీగలూ ఒక్కసారే విప్పేశాను. తీగల కింద ఉండే చెక్క బ్రిడ్జి ఊడి చేతిలోకి వచ్చేసింది! గుండె జారిపోయిందనుకోండి. మామగారి వస్తువు! అత్తగారి కంటపడకుండా కొంగు చాటున పెట్టుకుని, పత్తర్‌గట్టీ అవతల సందులో వాయిద్యాలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి పరుగెత్తాను.

ఆయన చూసి నవ్వాడు. "టూటా నై అమ్మా" అన్నాడు. విరగలేదట. మాండొలిన్ బ్రిడ్జిని జిగురుతో అతికించరట. తీగల ఒత్తిడే దాన్ని పట్టి ఉంచుతుంది. అందుకే తీగలు మార్చేటప్పుడు అన్నీ ఒకేసారి విప్పకూడదు, ఒకటి తీసి, ఆ చోట కొత్తది కట్టాకే రెండోదాని జోలికి పోవాలి. ముందే బ్రిడ్జి కాళ్ళ చుట్టూ పెన్సిలుతో సన్నగా గీత గీసుకుంటే ఇంకా మంచిది. అది చోటు తప్పితే ఎంత శృతి చేసినా స్వరాలు పలకవు. పై చివర నుంచి పన్నెండో మెట్టుకి ఎంత దూరమో, అక్కడి నుంచి బ్రిడ్జికి దాదాపు అంతే దూరం ఉండాలి, ఒక పిసరు ఎక్కువ. తీగను ఊరికే మీటితే ఏ స్వరం వస్తుందో, పన్నెండో మెట్టు దగ్గర నొక్కి మీటితే పై స్థాయిలో సరిగ్గా అదే రావాలి. రాకపోతే బ్రిడ్జిని ముందుకో వెనక్కో జరపాలి.

బ్రిడ్జి సంగతి తేలింది గాని, అసలు నష్టం వేరే ఉంది. పైచెక్క మీద జుట్టంత సన్నని పగులు. పక్కన అతుకు విడిపోయింది. ఇవి నా చేతి చలవ కావు, ఆ రేకుల గదివి.

వర్షాకాలంలో మన బీరువా తలుపు ఉబ్బి బిగుసుకుపోతుంది, ఎండాకాలంలో వదులవుతుంది కదా. వాయిద్యం చెక్కా అంతే. గాలిలో తడి పెరిగితే పీల్చి ఉబ్బుతుంది, తగ్గితే కుంచించుకుంటుంది. తలుపు మందంగా ఉంటుంది కాబట్టి ఓర్చుకుంటుంది. మాండొలిన్ పైచెక్క పల్చన. పైగా దాని ఎనిమిది తీగలూ కలిపి సుమారు 70 కిలోల బలంతో లాగుతుంటాయి. అంటే ఒక పెద్ద మనిషి రాత్రింబవళ్ళు దాన్ని పట్టుకుని వేలాడుతున్నట్టే! మన ఊళ్ళో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, గాలిలో తడి బొత్తిగా ఉండదు. ఆ వేడికి జిగురు కూడా మెత్తబడుతుంది. గాలిలో తడి నూటికి 45 నుంచి 55 పాళ్ళు ఉంటే ఇలాంటి వాయిద్యాలకు హాయి.

కాబట్టి కింది గదిలో, ఎండ పడని లోపలి గోడ దగ్గర పెట్టండి. కూలరుకి ఎదురుగా వద్దు, ఏసీ గాలి సూటిగా తగిలే చోటా వద్దు. వేసవిలో పెట్టెలో పెట్టి, పక్కన ఒక ప్లాస్టిక్ సబ్బుపెట్టె ఉంచండి. దానికి చిల్లులు పొడిచి, లోపల తడిపి గట్టిగా పిండిన స్పాంజి ముక్క పెట్టాలి. నీరు కారకూడదు సుమా. వానాకాలంలో దాన్ని తీసేసి, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా పొట్లాలు వేయండి. మెట్ల అంచుల వెంట అరచెయ్యి పోనిచ్చి చూడండి. ఇత్తడి మొనలు గుచ్చుకుంటున్నాయంటే చెక్క ఎండిపోయి కుంచించుకుందన్నమాట.

పూజ మానక్కర్లేదు. బొట్టు పెట్టె మీద పెట్టండి. మా మాండొలిన్ మీద పసుపు మరక ఇప్పటికీ అలాగే ఉంది. తడిగుడ్డ, కొబ్బరినూనె సుతరామూ వద్దు, జిడ్డుకి దుమ్ము పేరుకుంటుంది. వాయించిన తర్వాత పొడి మెత్తని గుడ్డతో తీగలు తుడిస్తే చాలు. చెమటే వాటికి తుప్పు పట్టిస్తుంది.

ఇక గిటారు. మా పక్కింటావిడ కొడుకుది నైలాన్ తీగల గిటారు. మోత గట్టిగా రావాలని వాడు ఉక్కు తీగలు వేయించాడు. మూడు నెలలు తిరక్కుండానే బ్రిడ్జి వెనక చెక్క పొంగింది. నైలాన్ తీగలన్నీ కలిపి లాగేది దాదాపు 40 కిలోలు, ఉక్కువి 70 పైమాటే. ఆ పెట్టెను అంత బలానికి కట్టలేదు. గిటారు బ్రిడ్జిని జిగురుతో అతికిస్తారు కాబట్టి, అది లేస్తుందేమో అప్పుడప్పుడు చూడాలి. దాని కింద వెనకవైపు నుంచి ఒక కాగితం ముక్క దూర్చి చూడండి. దూరిందా, వెంటనే తీగలు వదులు చేసి పనివాడికి చూపించండి. ఇంట్లో ఉన్న తెల్ల జిగురు పోసి అతికించబోకండి. పాత జిగురు గీకేసి అతికించాల్సిన పనిని అది రెట్టింపు చేస్తుంది.

మార్పులు చేయకూడదని కాదు. మన పాలకొల్లులో 1969లో పుట్టిన శ్రీనివాస్‌గారు చేసింది మార్పే కదా! మామూలు మాండొలిన్‌లో తీగలు జంటలుగా నాలుగు వరసలు. మీటిన శబ్దం త్వరగా ఆరిపోతుంది. గమకం కోసం తీగను పక్కకు లాగాలంటే రెండూ కలిసి ఒకే శృతిలో కదలాలి, కష్టం. ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ తీసుకుని, జంటల బదులు ఒంటి తీగలు, అవీ అయిదు పెట్టుకున్నారు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండొలిన్ రాదు. ఆయన పాడేవారు, ఈయన విని వాయించేవారు. గొంతు పలికినది తీగ మీద పలకాలి కాబట్టే ఆ మార్పు అవసరపడింది. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో మొదటి కచేరీ చేసినప్పుడు తొమ్మిదేళ్ళవాడు. 2014లో 45 ఏళ్ళకే పోయారు పాపం. మా పక్కింటి కుర్రవాడికి ఉన్నది మోత మీద మోజు. దానికి వేరే గిటారు కొనాలి గాని ఉన్నదాన్ని బలిపెట్టకూడదు.

దుకాణానికి వెళితే చాలా సామాను చూపిస్తారు. ముందు కావలసినవి మంచి గట్టి పెట్టె, మీటడానికి రెండు మూడు ప్లెక్ట్రం బిళ్ళలు, ఒక సెట్టు తీగలు. శృతి చూపే పరికరం మొబైల్లోకి ఉచితంగానే వస్తుంది. గిటారు మెడకు బిగించే కేపో, తగిలించుకునే పట్టీ పిల్లలు నాలుగు పాటలు నేర్చాక చూసుకోవచ్చు. కేపో బిగించి వదిలేయకుండా వాయించగానే తీసెయ్యాలి. సెలవులకు ఊరెళుతుంటే తీగలను ఒక స్వరం మేర దించండి, పూర్తిగా వదులు చేశారా, మాండొలిన్ బ్రిడ్జి మళ్ళీ చేతికొస్తుంది.

మా పగులుకి ఆ పెద్దాయన లోపలి నుంచి చిన్న చెక్కముక్క అతికించి, అతుకు బిగించి ఇచ్చాడు. నేను కొంగు చాటున తీసుకువెళ్ళడం అత్తగారు కిటికీలోంచి చూడనే చూశారట! ఇప్పుడు ఆవిడే మనవరాలికి గుడ్డ అందిస్తారు. అమ్మాయి జంట వరసలు దాటి గీతాల్లోకి వచ్చింది. అన్నిటికంటే సన్నని తీగే తరచు తెగుతోంది, అది మటుకు రెండు ఎక్కువ కొని ఉంచుకోండి.