స్టీరింగ్ బరువెక్కిందా? పవర్ స్టీరింగ్‌పై అపోహలు – వాస్తవాలు

నిన్నటిదాకా ఒంటిచేత్తో తిరిగిన స్టీరింగ్ ఇవాళ రెండు చేతులతో లాగినా కదలనని మొరాయిస్తుంది. వెంటనే తలా ఒక సలహా ఇస్తారు. ఆయిల్ పోయించమని ఒకరు, పంపు పోయిందని ఇంకొకరు, నాలుగు రోజులు నడిపితే అదే సర్దుకుంటుందని మరొకరు. వీటిలో కొన్ని జేబుకు చిల్లు పెడతాయి, కొన్ని ప్రాణాల మీదికి తెస్తాయి.

అపోహ: స్టీరింగ్ గట్టిపడితే ఆయిల్ పోస్తే చాలు.

వాస్తవం: ఆ కారులో అసలు స్టీరింగ్ ఆయిల్ ఉంటుందా అన్నది ముందు తేల్చుకోవాలి. 1951లో క్రిస్లర్ ఇంపీరియల్‌తో మార్కెట్లోకి వచ్చినది హైడ్రాలిక్ పద్ధతి. ఇంజిన్ బెల్టు పంపును తిప్పుతుంది, పంపు పుట్టించే ఆయిల్ ఒత్తిడి చక్రాలు తిరగడానికి సాయపడుతుంది. 1988లో జపాన్‌లో సుజుకి సెర్వో అనే బుల్లి కారుతో ఎలక్ట్రిక్ పద్ధతి మొదలైంది. ఇవాళ మన ఊళ్లలో తిరిగే కొత్త చిన్న కార్లలో ఎక్కువ భాగం ఈ రకమే. ఇందులో మోటారు, సెన్సర్, కంట్రోల్ యూనిట్ ఉంటాయి. ఆయిల్ డబ్బా ఉండదు.

హైడ్రాలిక్ కారులోనైనా ఆయిల్ తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. రాత్రి బండి కింద ఒక అట్టముక్క పరిచి పొద్దున్నే చూస్తే మరక ఎక్కడ పడిందో తెలుస్తుంది. లీకు ఆపకుండా పోస్తూపోతే చివరికి పంపే పాడవుతుంది. పోసేది కూడా కంపెనీ పుస్తకంలో చెప్పిన రకమే కావాలి. బ్రేక్ ఆయిల్ పోస్తే సీళ్లు దెబ్బతింటాయి.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది ముందు టైర్లలో గాలి. గాలి తగ్గితే ఏ లోపమూ లేని స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది. బండి ఒకవైపు లాగుతుంటే చాలాసార్లు టైర్లు, వీల్ అలైన్‌మెంటే కారణం.

అపోహ: తిప్పేటప్పుడు చప్పుడు రావడం పాత బండికి మామూలే.

వాస్తవం: ఒక్కో చప్పుడు ఒక్కో లోపాన్ని చెబుతుంది. హైడ్రాలిక్ కారులో మూలుగు వస్తే ఆయిల్ తగ్గిందని, లేదా అందులో గాలి చేరిందని అనుమానించాలి. డబ్బాలో నురగ కనిపిస్తే గాలి చేరినట్టే. కీచుమంటే బెల్టు వదులైందో, అరిగిందో చూడాలి.

గతుకుల్లో టకటకమంటే చూడాల్సింది టై రాడ్లు, బాల్ జాయింట్లు. ఇవి పవర్ స్టీరింగ్ భాగాలు కావు, కానీ ఇవి ఊడితే చక్రం మీద అదుపే పోతుంది. 2023 జులైలో మారుతి సుజుకి 87,599 ఎస్‌-ప్రెసో, ఈకో బండ్లను వెనక్కి పిలిచింది టై రాడ్‌లో లోపం ఉండవచ్చన్న అనుమానంతోనే.

అపోహ: ఎలక్ట్రిక్ స్టీరింగ్‌కు జబ్బే రాదు.

వాస్తవం: 2024 అక్టోబరులో హోండా అమెరికాలో దాదాపు 17 లక్షల కార్లను వెనక్కి పిలిచింది. స్టీరింగ్ గేర్‌బాక్స్‌లోని ఒక పళ్లచక్రం తయారీ లోపం వల్ల స్టీరింగ్ తిప్పుతుంటే పట్టేసినట్టు అయ్యేది. 2014లో జనరల్ మోటార్స్ అక్కడే సుమారు 13 లక్షల కార్లను పిలిచింది. నడుస్తుండగానే వాటి ఎలక్ట్రిక్ సాయం ఆగిపోయే ప్రమాదం ఉండేది.

బ్యాటరీ బలహీనపడినా, ఆల్టర్నేటర్ సరిగా ఛార్జ్ చేయకపోయినా ఈ మోటారుకు కరెంటు చాలదు. వరద నీటిలో మునిగిన కారులో కనెక్టర్లు తుప్పుపట్టి, నీళ్లు ఆరిన వారాల తర్వాత కూడా డాష్‌బోర్డులో స్టీరింగ్ హెచ్చరిక దీపం వెలగవచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచెత్తినప్పుడు నీళ్లలో నిలిచిన కార్లెన్నో. అలాంటి బండి కొనేవారు ఈ సంగతి తప్పక చూసుకోవాలి. స్టీరింగ్ చక్రం బొమ్మ పక్కన ఆశ్చర్యార్థకంతో ఆ దీపం వెలిగితే స్కానర్‌తో పరీక్ష చేయించాల్సిందే.

ఇరుకు పార్కింగ్‌లో అదేపనిగా ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పితే మోటారు వేడెక్కి, తనను కాపాడుకోవడానికి సాయం తగ్గిస్తుంది. చల్లారాక మామూలుగా పనిచేస్తే అది లోపం కాదు.

అపోహ: పవర్ పోతే స్టీరింగ్ బిగుసుకుపోతుంది, ఇక చేసేదేమీ లేదు.

వాస్తవం: మామూలు కార్లలో స్టీరింగ్‌కూ చక్రాలకూ ఇనుప బంధం అలాగే ఉంటుంది. బలం ఎక్కువ పెట్టాలి, అంతే. రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, నెమ్మదిగా వేగం తగ్గించి, రోడ్డు పక్కకు తీసుకోవాలి. దారిలో ఇంజిన్ కూడా ఆగిపోతే బ్రేక్‌ను పదేపదే కొట్టకూడదు. మిగిలిన సాయం కొన్ని తొక్కులకే సరిపోతుంది కాబట్టి ఒకేసారి బలంగా తొక్కి పట్టుకోవాలి.

ఘాట్ రోడ్డు దిగేటప్పుడు పెట్రోలు ఆదా అని ఇంజిన్ ఆపేవారు ఈ రెండు సాయాలనూ చేజేతులా పోగొట్టుకుంటున్నారు. తాళంచెవి బయటికి తీస్తే స్టీరింగ్ లాకే పడవచ్చు. పైగా ఇప్పటి ఇంజిన్లు గేరులో దిగుతూ యాక్సిలరేటర్ వదిలితే ఇంధనాన్ని వాటంతట అవే ఆపేస్తాయి.

అపోహ: స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పి పట్టుకుంటే నష్టం లేదు.

వాస్తవం: హైడ్రాలిక్ కారులో ఆ క్షణాన పంపు మీద ఒత్తిడి గరిష్ఠంగా ఉంటుంది, ఆయిల్ వేడెక్కుతుంది. చివరికి తగలగానే కాస్త వదలాలి. బండిని కొద్దిగా కదిలిస్తూ తిప్పితే టైర్లకూ, చక్రాలను తిప్పే పళ్లకడ్డీ (స్టీరింగ్ రాక్)కూ మేలు.

మెకానిక్ దగ్గరికి వెళ్లేటప్పుడు నాలుగు సంగతులు గుర్తుపెట్టుకుని చెప్పాలి: స్టీరింగ్ బరువెక్కేది బండి నిలబడి ఉన్నప్పుడా వేగంలోనా, పొద్దున్నేనా వేడెక్కాకా, చప్పుడు ఎలాంటిది, దీపం వెలిగిందా. డబ్బు చెల్లించే ముందు కంపెనీ వెబ్‌సైట్లో ఛాసిస్ నంబరు కొట్టి చూడాలి. ఆ బండి వెనక్కి పిలిచిన బండ్ల (రీకాల్) జాబితాలో ఉంటే లోపం ఉన్న భాగాన్ని కంపెనీయే ఉచితంగా మారుస్తుంది.