డబ్బా మీద ఏం రాసి ఉంది?

పాశమైలారంలో మందుల కంపెనీలు ఉన్నాయి. ఒక తల్లి అక్కడ ప్యాకింగ్ పనికి పోతుంది. భర్త పటాన్‌చెరులో ఆటో నడుపుతాడు. వాళ్ల బిడ్డకు 20 ఏండ్లు. పోలీసు కానిస్టేబుల్ కావాలని ఆమె ఆశ. రోజూ తెల్లవారకముందే లేచి పరుగు తీస్తుంది.

ఆ పరీక్ష తేలిక కాదు. 2022లో వచ్చిన ప్రకటన ప్రకారం ఆడపిల్లలు 800 మీటర్లు ఉరకాలి. 5 నిమిషాల 20 సెకన్లలో ఉరకాలి.

ఒకనాడు బిడ్డ అడిగింది.

"అమ్మా, నాతోటి ఉరికే పిల్లలు ప్రోటీన్ పొడి తాగుతున్నరు. నాకు గూడ ఒక డబ్బా కొనియ్యవా?"

"ఎంతనే?"

"మూడు వేలు."

తల్లి గుండె గుభేలుమంది. మూడు వేలంటే ఎన్ని రోజుల కూలి! అయినా కాదనలేదు. "రేపు దుకాణానికి పోదాం బిడ్డా. డబ్బా మీద ఏం రాసిన్రో చూసినంక కొందాం" అన్నది. ఆమె ఈమధ్యనే చదువు నేర్చుకుంది.

ప్రోటీన్ అంటే ఏమిటి?

ప్రోటీన్లనే మాంసకృత్తులు అంటారు. మన కండలు వీటితోనే తయారవుతాయి. పరుగు తీస్తే, బరువులు ఎత్తితే కండలు అలిసిపోతాయి. లోపల కొంచెం దెబ్బ తింటాయి. ఆ దెబ్బను బాగు చేయడానికి మాంసకృత్తులు కావాలి. పప్పు, పాలు, గుడ్లు, మాంసం, పల్లీలలో ఇవి ఎక్కువ.

పొడి ఎట్లా తయారవుతుంది?

పాలు విరిగితే ఏమవుతుంది? తెల్లని ముద్ద ఒక పక్క, తేట నీళ్లు ఒక పక్క అవుతాయి. ముద్దలో ఉండే మాంసకృత్తి పేరు కేసిన్. తేటలో ఉండేదాన్ని వే ప్రోటీన్ అంటారు. ఆవు పాలలోని మాంసకృత్తులు 100 పాళ్లు అనుకుంటే, కేసిన్ 80 పాళ్లు, వే 20 పాళ్లు ఉంటుంది.

ఫ్యాక్టరీలో వీటిని వేరు చేసి, ఎండబెట్టి, పొడి చేస్తారు. వే తొందరగా అరుగుతుంది. కేసిన్ కడుపులో గడ్డ కట్టి నిదానంగా అరుగుతుంది. రెండూ కలిపి అమ్మేదే మిశ్రమ పొడి. ఇది మందు కాదు. మాయ కాదు. పాలలోని ఒక భాగం, అంతే. పాలు తాగినా ఈ రెండూ ఒంటికి అందుతాయి.

రోజుకు ఎంత కావాలి?

హైదరాబాదులో తార్నాక దగ్గర జాతీయ పోషకాహార సంస్థ ఉంది. పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలని 2020లో చెప్పింది. 50 కిలోల మనిషికి సుమారు 42 గ్రాములు. బాగా ఉరికేవాళ్లకు ఇంకా ఎక్కువ కావాలి. కిలోకు 1.2 గ్రాములు లెక్క వేసినా 60 గ్రాములు అవుతుంది.

ఈ 60 గ్రాములు ఇంట్లో దొరుకుతాయా? లెక్క వేద్దాం.

బియ్యం, జొన్నలు కలిపి 250 గ్రాములు – సుమారు 20 గ్రాములు
కందిపప్పు 60 గ్రాములు – 13 గ్రాములు
గుడ్లు 2 – 12 గ్రాములు
పాలు 2 గ్లాసులు – 12 గ్రాములు
పల్లీలు గుప్పెడు – 7 గ్రాములు
మొత్తం – 64 గ్రాములు

పటాన్‌చెరులోనే ఇక్రిశాట్ ఉంది. 1972లో మొదలైంది. కందులు, శనగలు, వేరుశనగ, జొన్న పంటల మీద అక్కడ పరిశోధన చేస్తారు. బలం ఇచ్చే పంటలు మన పక్కనే ఉన్నాయి.

కండలు పెంచడానికి ప్రోటీన్ పొడులు వాడవద్దని పోషకాహార సంస్థ 2024లో సలహా ఇచ్చింది. సరైన తిండి చాలని చెప్పింది.

డబ్బా ఎట్లా చదవాలి?

మరునాడు తల్లీబిడ్డలు దుకాణానికి పోయారు. డబ్బా మీద అంతా ఇంగ్లీషే. కాని అంకెలు తల్లికి తెలుసు. అంకెలు తల్లి చదివింది. మాటలు బిడ్డ చదివింది.

డబ్బా ముందు పెద్దగా "24 గ్రాములు" అని ఉంది. వెనక్కి తిప్పారు. 100 గ్రాముల పొడిలో 24 గ్రాములు అని చిన్నగా ఉంది. ఒక చెంచా పొడి 30 గ్రాములు. అంటే చెంచాకు వచ్చేది 7 గ్రాములే! గుప్పెడు పల్లీలలో ఉన్నంతే.

తరువాత దినుసుల పేర్లు చూశారు. ఏది ఎక్కువ ఉంటే దాని పేరు ముందు రాయాలని నియమం. ఈ డబ్బా మీద మొదటి పేరు చక్కెర.

"అన్నా, గిది చక్కెర డబ్బానా, పాల డబ్బానా?" అని తల్లి అడిగింది. దుకాణదారు నవ్వి ఊరుకున్నాడు.

ఇంకా చూడవలసినవి ఇవి. ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. అనే గుర్తు, దాని కింద 14 అంకెల లైసెన్సు నంబరు ఉండాలి. తయారైన తేదీ, గడువు తేదీ ఉండాలి. మూత కింద సీలు చెదరకూడదు. బిల్లు అడిగి తీసుకోవాలి.

ఎందుకింత జాగ్రత్త? పొడిలో కల్తీ చేయవచ్చు. మామూలు పరీక్ష నత్రజనిని కొలిచి మాంసకృత్తులను లెక్క కడుతుంది. నత్రజని ఉన్న వేరే పదార్థం కలిపితే లెక్క ఎక్కువ చూపుతుంది. 2008లో చైనాలో పాలలో మెలమైన్ కలిపారు. ఆ పాలపొడి తాగి సుమారు 3 లక్షల మంది పసిపిల్లలు జబ్బు పడ్డారు. కొందరు చనిపోయారు.

కొంటే ఎట్లా వాడాలి?

తిండి చాలనివాళ్లు కొనవచ్చు. డబ్బాలో ఉన్న చెంచాతోనే కొలవాలి. కాచి చల్లార్చిన నీళ్లలో గాని, పాలలో గాని కలపాలి. కలిపిన వెంటనే తాగాలి. అన్నం మానేసి పొడి తాగకూడదు. రెండింతలు తాగితే రెండింతల బలం రాదు. పాలు పడనివాళ్లకు కడుపు ఉబ్బుతుంది, విరేచనాలు అవుతాయి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరును అడగకుండా వాడకూడదు.

ఆ రోజు తల్లి డబ్బాను తిరిగి అల్మారాలో పెట్టింది. వస్తూ గుడ్లు, పల్లీలు, కందిపప్పు కొన్నది. పాలు రోజుకు అర లీటరు ఎక్కువ చెప్పింది. రాత్రి నోటుబుక్కులో 64 గ్రాముల లెక్క తన చేత్తో రాసింది.

"గిది తింటే గెలుస్తనా అమ్మా?" అని బిడ్డ అడిగింది.

"తిండి నేను చూస్త. ఉరుకుడు నువ్వు చూడు" అన్నది తల్లి.