మోటారుసైకిలు నేర్చుకొనగోరువారికి

మా పాఠశాల ఆవరణమున వేపచెట్టు క్రింద పూర్వము సైకిళ్లు మాత్రమే నిలుపుచుండిరి. ఇప్పుడా చోటు ఉపాధ్యాయుల మోటారుసైకిళ్లది. విరామసమయమున తొమ్మిది, పది తరగతుల బాలురు వాని చుట్టును మూగి, ఎక్సిలేటరు త్రిప్పి చూచుచు, నోటితోనే యంత్రధ్వని చేయుచుందురు. ఈ వేడుక మేమెఱుగనిది కాదు. గడచిన సంవత్సరము మా విద్యార్థి యొకడు తండ్రి యింట లేని సమయమున బండి తీసి, మార్టేరు దారిలో పడి కాలు విఱుగగొట్టుకొని, పదవ తరగతి పరీక్షలకు కూర్చుండలేకపోయెను. ఆనాటినుండియు ఈ వ్యాసము వ్రాయవలెనని తలంచుచుంటిమి. "బడి పత్రికలో ఇట్టివి వ్రాసినచో పిల్లలను మీరే ఎగదోసినట్లగును గదా మాస్టారూ!" అని ఒక తండ్రిగారు మాతో అనిరి. మేము వ్రాయకున్నను వారు ఎక్కుట మానలేదని మా ప్రత్యుత్తరము.

ముందుగా చట్టము సంగతి. 1988 సంవత్సరపు మోటారు వాహనముల చట్టము ననుసరించి గేర్ల మోటారుసైకిలు నడుపుటకు 18 సంవత్సరములు నిండవలెను. అప్పుడైనను మొదట నేర్చుకొనువారి లైసెన్సు తీసికొని, బండికి ఎఱ్ఱని 'ఎల్' గుర్తు తగిలించి, 30 దినములు గడచిన పిమ్మటనే పరీక్షకు పోవలెను. ఈ చట్టమును 2019లో సవరించిరి. బాలుడు బండి నడిపి నేరము చేసినచో, అది తమకు తెలియక జరిగినదని నిరూపింపలేని తల్లిదండ్రులకు 3 సంవత్సరముల వఱకు కారాగారవాసమును, 25,000 రూపాయల జుల్మానాయును విధింపవచ్చును. బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దగును. ఆ బాలునికి 25వ యేడు వచ్చువఱకు లైసెన్సు లభింపదు. తాళపుచెవిని గోడమేకునకు తగిలించి పొలమునకు పోవు తండ్రులు ఈ నాలుగు వాక్యములను మరియొకమారు చదువుదురు గాక.

ఇక యంత్రము మాట. ఎడమచేతి క్రింద క్లచ్చు, ఎడమకాలి క్రింద గేరు, కుడిచేతి క్రింద ఎక్సిలేటరును ముందుచక్రపు బ్రేకును, కుడికాలి క్రింద వెనుకచక్రపు బ్రేకును ఉండును. క్రొత్తవారిని భయపెట్టునది క్లచ్చే. బండి నిలిచియున్నపుడు కూడ యంత్రము నిమిషమునకు వేయిసార్లకు పైగా తిరుగుచుండును, చక్రమో కదలకుండును. ఈ రెంటిని ఒక్కపెట్టున ముడివేసినచో యంత్రమైనను ఆగవలెను, బండియైనను ముందునకు దుముకవలెను. అందుచేత రెంటి నడుమ కొన్ని పలకల నమర్చిరి. క్లచ్చు పట్టినపుడవి విడిపోవును. వదలినపుడు స్ప్రింగుల బలముచే ఒకదాని నొకటి అదుముకొనును. వ్రేళ్లను సగము వదలిన చోట పలకలు జారుచునే కొంత శక్తి నందించును; బండి మెల్లగా ముందునకు లాగుచున్నట్లు తోచును. ఆ చోట చేయి నొక క్షణము ఆపుటయే విద్య యంతయు. చదునైన మైదానమున ఎక్సిలేటరు దాదాపు ముట్టకయే, రెండు పాదములతో నేలపై నడచుచు, ఈ ఒక్క పనిని నూఱుమారులు చేయవలెను. మొదటి దినమున గేరు మార్చవలసిన పనియే లేదు.

మాకీ మాట చెప్పినవారు లేరు. ఉపాధ్యాయ శిక్షణ ముగించి వచ్చిన యేట మా మేనమామగారి బండి నెక్కి, మొదటి దినముననే కాలువగట్టు పట్టితిమి. ఎదురుగా గేదెల మంద వచ్చెను. భయమున రెండు చేతులను బిగించి పట్టితిమి. కుడిచేయి బిగిసినకొలది ఎక్సిలేటరు తిరిగి వేగము హెచ్చెను. అంతకంటె పెద్ద తప్పు, ప్రక్కనున్న పంటబోదెను చూచుచుండుట. మనుష్యుని చూపు ఎటు పోవునో బండియు అటే పోవును. గేదెలకేమియు కాలేదు, మేము మాత్రము బోదెలో మోకాలిలోతు బురదలో తేలితిమి. భయము కలిగినపుడు కుడిచేతిని సడలించి ఎడమచేత క్లచ్చు పట్టవలెను, చూపును పోవలసిన దారిపై నుంచవలెను. ఇది మనస్సునకు తెలిసిన చాలదు, చేతికి అలవడవలెను.

ఆపుటకు వెనుక బ్రేకు చాలునని, ముందుది పట్టినచో తలక్రిందులగుదుమని మన ప్రాంతమున ఒక నమ్మకము కలదు. బండి ఆగునపుడు భారము ముందునకు మరలును. అందుచే ముందు చక్రమే నేలను గట్టిగా పట్టుకొనును, ఎక్కువగా ఆపగలిగినదియు నదే. రెండు బ్రేకులను కలిపి, ముందుదానిని క్రమక్రమముగా బిగింపవలెను. గంటకు 40 కిలోమీటర్ల వేగమున ప్రమాదమును గుర్తించి బ్రేకు పట్టులోపలనే, ఒక్క సెకనులో, 11 మీటర్లు గడచును. పొడి రోడ్డుపై ఆగుటకు మరి 12 మీటర్లు కావలెను. వేగము 60 అయినచో ఈ 23 మీటర్లు 45 వఱకు పెరుగును. తొమ్మిదవ తరగతివారు తమ భౌతికశాస్త్రపు సూత్రముతో లెక్కించి చూచుకొనవచ్చును. మేము సెకనుకు సెకనుకు 5 మీటర్ల చొప్పున వేగము తగ్గునని తీసికొంటిమి.

ఈ లెక్క పొడి రోడ్డునకే. మన డెల్టాలో అట్టి రోడ్డు ఎన్నాళ్లుండును? సార్వా, దాళ్వా కోతల కాలమున సగము రోడ్డుపై ధాన్యము ఆరుచుండును. ఆ గింజలు చక్రము క్రింద గోళీలవలె దొర్లును. వాటిపై బ్రేకు పట్టరాదు, మలుపరాదు. ముందే వేగము తగ్గించి తిన్నగా పోవలెను. చేపల లాఱీలనుండి కారిన నీరు, ట్రాక్టరు చక్రములు తెచ్చిన నల్లరేగడి బురద, రాత్రివేళ దీపము లేని గడ్డిబండి, ఇవన్నియు మన రోడ్ల పాఠములే. ప్రక్కకు కూర్చుండు తల్లులు చీరచెఱగును, ఆడపిల్లలు ఓణీని చక్రమునకు దూరముగా దోపుకొనవలెను.

హెల్మెట్టు కథ కొంచెము చెప్పవలెను. అరేబియా యెడారి యుద్ధమున ప్రసిద్ధి గాంచిన లారెన్సు అను ఆంగ్లేయుడు 1935 మే 13న మోటారుసైకిలుపై పోవుచు, సైకిళ్లపై వచ్చుచున్న ఇద్దఱు బాలురను తప్పింపబోయి పడెను. తలకు దెబ్బ తగిలి, స్మృతి రాకయే ఆరవనాడు మరణించెను. ఆయనను చూచిన వైద్యులలో హ్యూ కెయిర్న్సు ఒకరు. ఆయన పిమ్మట సైనిక మోటారుసైకిలు వార్తాహరుల తలగాయములను పరిశీలించి 1941లో వ్యాసము ప్రకటించెను. ఆ యేటనే బ్రిటిషు సైన్యము తన మోటారుసైకిలు సైనికులకు హెల్మెట్టును విధిగా చేసెను. హెల్మెట్టు లోపలి తెల్లని థర్మోకోలు పొర తాను నలిగి తలపై పడు దెబ్బను తగ్గించును. కావున ఒకమారు గట్టి దెబ్బ తిన్నదానిని మరల వాడరాదు. గడ్డము క్రింది పట్టీ బిగింపనిచో అది తలకంటె ముందుగా ఎగిరిపోవును. పెట్రోలు ట్యాంకుపై పెట్టి, పోలీసువారు కనబడినపుడు మాత్రమే ధరించు పెద్దలను మేము ప్రతిదినము పెనుగొండ సెంటరులో చూచుచున్నాము.

బడిలోనున్న బాలురు అంతవఱకు సైకిలు తొక్కుచు, ప్రక్కకు ఒరగక నెమ్మదిగా పోవుట, వెనుకకు చూచి మలుపుట అభ్యసింపవచ్చును. ఇవియే రేపు పనికివచ్చును. 18 నిండి లైసెన్సు పొందిన మా పూర్వవిద్యార్థులు శనివారము సాయంకాలము మైదానమునకు వచ్చినచో క్లచ్చు పాఠము మేమే చెప్పుదుము. బండి లేకున్నను మాది కలదు. హెల్మెట్టు మాత్రము ఎవరిది వారు తెచ్చుకొనవలెను.