నమ్మేవాళ్లే మోసపోతారా?

పిల్లల్ని హాస్టల్లో చేర్చి వచ్చేటప్పుడు తల్లిదండ్రులు చెప్పే జాగ్రత్తల్లో ‘ఎవర్నీ నమ్మొద్దు’ అన్నది తప్పకుండా ఉంటుంది. నమ్మేవాళ్లే మోసపోతారన్నది వాళ్ల భయం. వినడానికి సబబుగానే ఉన్నా, పరిశోధనల్లో ఈ మాట నిలబడలేదు. మనుషుల మధ్య నమ్మకాన్ని కొలిచే ప్రశ్నావళిని 1967లో రూపొందించిన అమెరికన్ మనస్తత్వవేత్త జూలియన్ రాటర్, ఆ తర్వాతి అధ్యయనాలను కూడగట్టి 1980లో తేల్చిందేమంటే, ఇతరులను ఎక్కువగా నమ్మేవారు మిగతావారికన్నా తేలిగ్గా ఏమీ మోసపోవడం లేదు. జపాన్‌లో తోషియో యమగిషి బృందం గమనించినది మరీ ఆసక్తికరం. మనుషులు మొత్తమ్మీద మంచివాళ్లేనని అనుకునేవారే, ఎదుటి మనిషి నమ్మదగనివాడన్న సూచన అందగానే ఎక్కువ జాగ్రత్తపడ్డారు. అందరినీ అనుమానించేవాడు ఎవరితోనూ కలవడు, కలవనివాడికి మనుషులను అంచనా కట్టడం అలవడదు అన్నది యమగిషి వివరణ. ఒంటరితనానికీ మోసపోవడానికీ ఉన్న ముడి ఇదే.

ఎదుటివారి మీద నమ్మకం సంగతి సరే, మరి తన మీద తనకున్న అభిప్రాయం ఇందులోకి ఎలా వస్తుంది? 1948లో మనస్తత్వవేత్త బెర్ట్రమ్ ఫోరర్ తన తరగతిలోని 39 మందికి వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, వారం తర్వాత ఎవరి ఫలితం వారికి ఇచ్చాడు. నిజానికి అందరికీ ఇచ్చింది ఒకే రాత. అందులోని వాక్యాలు చాలావరకు ఒక జ్యోతిషం పుస్తకంలోంచి ఏరినవి. అయినా అది తమకు ఎంతగా సరిపోయిందో 5కి మార్కులు వేయమంటే సగటు 4.26 వచ్చింది. తెలివి తక్కువై కాదు. మాట తమ గురించి, చెప్పినవాడు గురువు. ఈ ప్రయోగం ఆత్మగౌరవాన్ని కొలవలేదు, కాబట్టి దీన్ని ఒక్కదాన్నే ఆధారం చేసుకోకూడదు. అయితే తమను తాము తక్కువగా చూసుకునేవారు ఎదుటివారి సూచనలకు సులువుగా లొంగుతారని మనస్తత్వవేత్త గిస్లీ గుడ్జాన్సన్ 1984 నాటి పరిశోధనలో కనిపించింది. రెండూ కలిపి చూస్తే నాకు తోచేది ఇది: ‘నీకు ఇంగ్లిష్ రాదు, నువ్వు మొద్దువి’ అని పడిన ముద్రను ఎవరితోనూ కలవక, తనను తాను తక్కువగా చూసుకునే విద్యార్థి ఎదురు ప్రశ్న వేయకుండానే ఒప్పేసుకుంటాడు. మనుషులను నమ్మడు గానీ, తన గురించి వాళ్లన్న చెడును మాత్రం నమ్మేస్తాడు. అసలు ప్రమాదకరమైన గుడ్డినమ్మకం ఇదే.

స్నేహితులు లేకపోవడం వల్లే ఆత్మగౌరవం తగ్గి ఉండవచ్చు కదా అనవచ్చు. నిజమే, ఒకటి రెండోదాన్ని పెంచుతూ పోతుంది. అయినా ప్రయోగాలు కొంత దారి చూపాయి. అమెరికాలో మనస్తత్వవేత్తలు గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ 2011లో ప్రచురించిన అధ్యయనంలో, ‘ఇక్కడ నాకు చోటు లేదు’ అన్న దిగులు కొత్తలో చాలామందికి ఉంటుందని, తర్వాత పోతుందని తెలిపే సీనియర్ల అనుభవాలను కొత్త విద్యార్థుల చేత చదివించారు. గంటసేపటి ఆ పనితో నల్లజాతి విద్యార్థుల మార్కులు మూడేళ్లపాటు మెరుగుపడ్డాయి. అలాగని లోపమంతా పిల్లల మనసులోనే ఉందనడం అన్యాయం. ఇలాంటి ప్రయత్నమే 22 విద్యాసంస్థల్లో సుమారు 27 వేల మందిపై జరిగి 2023లో వెలువడిన అధ్యయనంలో, పిల్లలను కలుపుకునే వీలున్న చోటే మేలు కనిపించింది. మన జూనియర్ కాలేజీలు, గురుకులాలు మొదటి నెలలోనే సీనియర్ల చేత ఆ దిగులు మామూలేనని, పోతుందని చెప్పించాలి. మార్కుల పరుగులో ఉన్న టైమ్‌టేబుల్లో పిల్లలు ఒకరితో ఒకరు కలిసే వేళ కూడా ఉంచాలి.